ఎవరూ దాటని రోడ్డు

మా బ్రెమ్విక్ ఊరిని చీల్చుకుంటూ పోయే హైవే మీద జీబ్రా గీతలు అక్కర్లేదని ఢంకా బజాయించి చెబుతున్నాను. ఎవరేమనుకున్నా సరే! మిన్నెసోటా రాష్ట్రమంతా గాలించినా ఇంత క్షేమమైన కూడలి మరొకటి దొరకదు. అక్కడ రోడ్డు దాటుతూ ఎవరికీ గోరంత గాయం కూడా కాలేదు. దాటితేనే కదా, గాయాలయ్యేది!

రోడ్డుకు ఇవతల ఇళ్లు, చర్చి, కాఫీ హోటలు. అవతల ధాన్యం గోదాము, దాని పక్కన బస్టాపు. మధ్యలో నాలుగు వరుసల్లో చక్కెర దుంపల లారీలు రివ్వురివ్వున పోతుంటాయి. దీనివల్ల ఊరికి ఎంత మేలో ఆలోచించారా? దాటేదే లేదు కనుక అటూ ఇటూ చూసీ చూసీ మెడనొప్పి తెచ్చుకున్నవాళ్లు మాలో లేరు. పాస్టరుగారి ప్రసంగాల వల్ల రాని భక్తి కూడా ఆ రోడ్డు అంచున ఒక్క నిమిషం నిలబడితే వచ్చేస్తుంది.

ఈ సౌకర్యాన్ని అందరికంటే ఎక్కువ అనుభవిస్తున్నది ఆర్విలా టోస్టెన్సన్ గారు. చూపు మందగించి కారు నడపడం మానేశారు. భర్త ఎల్డెన్ పక్క టౌనులో వృద్ధుల ఆసుపత్రిలో ఉన్నాడు. మంగళవారం, శుక్రవారం ఆవిడ వస్తుందని పొద్దున్నే టోపీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటాడట. తిరిగొచ్చే బస్సు ఆవిడ ఇంటివైపే ఆగుతుంది. చిక్కల్లా వెళ్లే బస్సుతోనే. అది అవతల ఆగుతుంది.

అయితేనేం? మా ఊళ్లో రోడ్డు పక్కన మనిషి నిలబడితే చూస్తూ పోయేవాడు లేడు. పికప్ ట్రక్కు ఆపి ఎక్కమంటారు. పిలవగానే ఎక్కేయడం మాకు మర్యాద కాదు. రెండుసార్లు వద్దనాలి, మూడోసారికి మొహమాటపడుతూ ఎక్కాలి. ఈ తతంగమంతా ముగిసేదాకా వెనక లారీలన్నీ ఆగాల్సిందే. పాపం, మావాళ్లకు హారన్ కొట్టడం కూడా మొహమాటమే! రోడ్డు వెడల్పెంతో ప్రయాణం అంతే. ఆవిడను అవతల దింపి, బండి తిప్పుకుని ఇంటికి పోతారు.

ఇంత హాయిగా ఉంటే కొందరు గిట్టనివాళ్లు గీతలు, సిగ్నలు కావాలని అర్జీ పెట్టారు. రోడ్ల శాఖ వెంటనే స్పందించి గారెట్ అనే కుర్ర ఇంజినీరును పంపింది. నడిచి దాటేవాళ్లు తగినంత మంది ఉంటేనే గీతలు వేస్తారట. అతను గోదాము దగ్గర కారు ఆపుకుని సాయంత్రం దాకా లెక్కపెట్టాడు. ఆర్విలాను పొరుగాయన లైల్ పికప్‌లో దాటించాడు. మధ్యాహ్నం గారెట్‌కే కాఫీ తాగాలనిపించి రోడ్డంచుకు వచ్చి, లారీలను చూసి ఆగిపోయాడు. నేనే బండి ఆపాను. ఒక్కసారి కూడా వద్దనకుండా ఎక్కేశాడు. పట్నం పిల్లాడు, ఏం తెలుస్తుంది! వాహనంలో దాటాడు కాబట్టి తనను తాను లెక్కలో వేసుకోలేదు. మొత్తం సున్నా.

చర్చి నేలమాళిగలో అందరం సమావేశమయ్యాం. మన మంచితనమే మన కొంప ముంచిందని తేలింది. గారెట్ చేత మరోసారి లెక్కపెట్టించాలని, అతను వచ్చే శుక్రవారం నాడు ఆవిడ కోసం ఎవరూ బండి ఆపకూడదని తీర్మానం. లైల్ తల వంచుకుని, అలా చేస్తే రేపు ఆవిడ మొహం ఎలా చూడాలన్నాడు.

ఆర్విలాయే సర్దిచెప్పింది. "ఒక్క పూట మొరటుగా ఉండండర్రా. ఏం కాదు."

శుక్రవారం ఊరు ఊరంతా హోటల్లో కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాం. ఆవిడ ఎల్డెన్ కోసం కేకు డబ్బా పట్టుకుని అంచున నిలబడింది. ఒక అడుగు వేసేది, లారీ మోత వినబడగానే వెనక్కి తీసేది. బస్సు వచ్చింది. డ్రైవరు ఆగగలిగినంతసేపు ఆగి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నేను కాఫీ కప్పు పక్కకు నెట్టేశాను. లైల్ అయితే అప్పటికే బయటికి వెళ్లి కళ్లు తుడుచుకుంటున్నాడు.

కాసేపటికి గారెట్ కారు తిప్పుకుని ఇవతలికి వచ్చాడు. మేమంతా గుమ్మంలోకి వచ్చాం. ఈసారీ సున్నాయే అన్నాడు. ఆర్విలా అతని కారు దగ్గరికి నడిచింది.

"బాబూ, పొద్దుట్నుంచి ఇక్కడే నిలబడ్డాను. నన్ను ఎందులో లెక్కేశావు?"

"మీరు దాటలేదు కదండీ."

"దాటలేకపోయాను నాయనా. ఆయన అక్కడ టోపీ పెట్టుకుని కూర్చునుంటాడు."

గారెట్ పక్క సీటు మీది టిఫిన్ డబ్బా తీసి వెనక పెట్టి, ఎక్కండి, నేను దింపుతానన్నాడు. ఆవిడ వద్దంది. మళ్లీ అడిగాడు. మళ్లీ వద్దంది. మూడోసారీ అడిగాడు. అబ్బ, వారం తిరిగేసరికి కుర్రాడు ఎంత నేర్చుకున్నాడు! ఆవిడను టౌనులో ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్లి దింపాడు.

అందుకే రోడ్ల శాఖ వారికి నా మనవి. మాకు గీతలు వద్దు, సిగ్నలు అసలే వద్దు. ప్రతి మంగళవారం, శుక్రవారం ఒక ఇంజినీరును, ఒక కారును పంపండి చాలు. ఆర్విలాగారిని దింపి వచ్చాక అతను తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. శాఖకు రెండు డబ్బాల తెల్లరంగు మిగులుతుంది. లెక్క సున్నాయే వస్తుందని నాది పూచీ.