డ్రమ్ముల గదికి పురస్కారం

మధుమేహం ఉన్న విద్యార్థులను కడుపులో పెట్టుకుని చూసుకునే బడులకు ‘మధుమేహ మిత్ర’ గుర్తింపు ఇస్తామని రాయ్‌పూర్ సంస్థ ఒకటి ప్రకటించింది. ప్రకటన వచ్చిన రోజే, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు సంఘం బడి హెడ్మాస్టరు సన్యాసిరావు గారు తన గది గోడకు మేకు కొట్టించేశారు. ఫలకం తర్వాత వస్తుంది, మేకు ముందుంటే మంచిదే కదా.

అర్హతల విషయంలో ఆయనకు సందేహం లేదు. మధుమేహం ఉన్న విద్యార్థిని ఒకతె బడిలో ఉండనే ఉంది. ఏడో తరగతి మైత్రి, లోకో షెడ్డులో పనిచేసే సూర్యం కూతురు. రోజూ మధ్యాహ్నం ఇన్సులిన్ సూది, పదకొండింటికి రెండు బిస్కెట్లు. ఇవి తరగతిలోనే కానివ్వమని ఆ పిల్ల జూన్‌లో అర్జీ పెట్టుకుంది. పక్క పిల్లల తల్లిదండ్రులు జడుసుకుంటారనే సదుద్దేశంతో ఆయన దాన్ని తోసిపుచ్చి, అంతకంటే ఘనమైన ఏర్పాటు చేశారు. బ్యాండు డ్రమ్ములూ విరిగిన గ్లోబులూ పడేసిన గదిని ఆమెకు కేటాయించి, ఎవరికంటా పడకుండా అక్కడే కానిచ్చుకోమన్నారు. దరఖాస్తులో దాన్ని ‘ప్రత్యేక వైద్య గది’ అని రాశారు. అలా రాశాక ఆయన కళ్లకే అది కాస్త శుభ్రంగా కనిపించింది.

ఆ గది మీద ఆయనకు సొంత మమకారం కూడా ఉంది. ఏడేళ్లుగా ఆయనకూ షుగరే. మాత్రల డబ్బా పెద్ద డ్రమ్ము వెనకే ఉంటుంది. తెలిస్తే సంఘం వాళ్లు రోగిష్టి హెడ్మాస్టరంటారని, తెలియకుండా ఉండడానికి ఏ వేడుకలోనైనా అందరికంటే ముందు రెండు లడ్డూలు తినేవారు. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని, ‘శభాష్ రా సన్యాసీ, నీ అంత తెలివైనవాడు కాలనీలో లేడు’ అనుకునేవారు.

తనిఖీ రోజున సంస్థ పెద్దలు ఎక్కిన బండి, బండ్లన్నిటి ఆచారం ప్రకారం, మూడు గంటలు ఆలస్యమైంది. రైల్వే వాళ్ల పిల్లలు చదివే బడిలో ఆ విషయం ఎత్తడం మర్యాద కాదు. అతిథులు రాకముందు ఎవరూ ఏమీ తినరాదని హెడ్మాస్టరు ఆదేశం. ఆయన కూడా ఉదయం మాత్ర మాత్రం వేసుకుని, ఫలహారం వారితో కలిసి చేద్దామని ఆగారు.

పదకొండు దాటాక ఆయా అసిరమ్మ వచ్చింది.

“ఏటి బాబూ, పిల్లకి బిస్కత్తుల వేళ దాటిపోనాది.”

“ఆ పిల్లని చూడ్డానికే కదా వస్తున్నారు. కాసేపు ఓర్చుకోమను.”

“ఓర్చుకుంటే పడిపోద్ది. నాను తినిపించీసినాను. సెప్పి పోదామనొచ్చినాను.”

ఈ క్రమశిక్షణా రాహిత్యానికి మెమో ఇవ్వాలని ఆయన డైరీలో రాసుకున్నారు.

ఒంటిగంటకు సభ మొదలైంది. సన్యాసిరావు గారు మైకు అందుకున్నారు.

“మా బడిలో రోగం దాచుకోవలసిన ఖర్మ ఎవరికీ లేదు. మేము బిడ్డ ముఖం చూసే...”

ముఖం చూసి ఏం చేస్తారో గుర్తురాలేదు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట ముద్దయింది. విద్యార్థుల మీద ఎంత ప్రేమ అని పెద్దలు చప్పట్లు కొట్టారు. సంఘం అధ్యక్షుడు అప్పలస్వామి గారు కళ్లు తుడుచుకున్నారు.

ముందు వరసలోంచి మైత్రి లేచి వేదికెక్కింది. “సర్, బైఠియే, కూర్చోండి. ముందు ఇది నమలండి” అని గ్లూకోజు బిళ్లలు ఆయన నోట్లో పెట్టింది. కొత్త సూదితో వేలు పొడిచి తన షుగర్ మీటరు చూసింది. యాభై నాలుగు; డెబ్బైకి దిగితేనే ప్రమాదం.

“వడదెబ్బమ్మా” అన్నారాయన, కాస్త తేరుకున్నాక. అది నవంబరు నెల.

“సర్, ఆప్‌కీ గోలీ, మీ షుగర్ మాత్రల డబ్బా, పెద్ద డ్రమ్ము వెనక ఉంటాది. నాకు తెల్సు.” మైకు పనిచేస్తూనే ఉంది. “ఎవరికీ చెప్పలేదు సర్. దాచుకోవాలని మీరే అన్నారు కదా.”

ఆయనకు నిజంగా సిగ్గేసింది. తన పిరికితనాన్ని ఐదు నెలలుగా పన్నెండేళ్ల పిల్ల చేత మోయించారు.

గుర్తింపు రానే వచ్చింది. ‘ప్రధానోపాధ్యాయుణ్ణి సైతం విద్యార్థులే కాపాడుకోగల పాఠశాల’ అని ప్రశంసాపత్రంలో రాశారు. ఫలకం మేకెక్కింది.

సోమవారం నుంచి డ్రమ్ముల గది ముందు వరస కట్టారు. మొదట లెక్కల టీచరు రజిని మేడమ్. తర్వాత అప్పలస్వామి గారు. ఆ తర్వాత ఫలకం ఇచ్చిన పెద్దమనిషే, రతన్‌పూర్ అమ్మవారి దర్శనానికి వెళ్తూ దారిలో దిగాడట. ఒక్కొక్కరూ తలుపు వేసుకోవడం, మైత్రి ముందు వేలు చాచడం, అంకె విని నిట్టూర్చడం, “బయట అనకమ్మా” అని చెప్పి పోవడం.

గురువారం మైత్రి పాత అర్జీనే మళ్లీ పట్టుకొచ్చింది.

“సర్, నేను క్లాసులోనే సూది వేసుకోనా? మీ అందరి వల్ల ఆ గది ఖాళీ దొరకట్లేదు.”

వరసలో మూడోవారుగా నిలబడి ఉన్న సన్యాసిరావు గారు, అర్జీని గోడకు ఆనించి మంజూరు సంతకం చేశారు. తన వంతు రాగానే, కాలనీ అంతటికీ తెలిసిన సంగతే అయినా, తలుపు దగ్గరగా వేసి వేలు చాచారు.