దయచేసి నన్ను హోల్డ్‌లోనే ఉంచండి

1981 జూలై 18, శనివారం. పరాయి దేశంలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా మొదటి వేసవి. గోధుమరవ్వ ఉప్మా, నిమ్మకాయ ఊరగాయ తింటున్నాం. ఆ పూట మొదటిసారి చెవిన పడిన ఒక బాణీ సాక్షిగా ఇవాళ ప్రకటిస్తున్నాను: ఫోన్ చేసినవాణ్ణి గంటసేపు హోల్డ్‌లో పెట్టడం మానవజాతికి జరిగిన మహోపకారం!

నవ్వకండి. చెప్తాను.

ఆ రోజు ఆ బాణీ వీధిలోంచి వచ్చింది. గంటల మోత విని మా ఆవిడ లీల, "ఏమండీ, దేవుడొస్తున్నాడు!" అంటూ కొబ్బరికాయ, కర్పూరం పళ్ళెంతో గుమ్మంలోకి పరిగెత్తింది. వచ్చింది ఐస్‌క్రీమ్ ట్రక్కు! డ్రైవర్ కొబ్బరికాయ భక్తిగా అందుకుని రెండు కోన్‌లు ప్రసాదించాడు. అంత వెంటనే ఫలించిన పూజ నేను మరొకటి చూడలేదు.

అది కొన్ని వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు జానపదమట. మా మిత్రుడు కేశవరావు ఒప్పుకోడు. "మనదేనయ్యా! ఓడెక్కించి పట్టుకుపోయారు" అంటాడు. ఏ రాగమని అడిగితే మాత్రం గుడి క్యాంటీన్‌లో పులిహోర వైపు తిరుగుతాడు.

ఎవరిదైతేనేం? ఇంత కష్టపడే పాట ఇంకోటుందా? డిసెంబర్‌లో చర్చిలో భక్తిగీతం. జూలైలో ఐస్‌క్రీమ్ అమ్మకం. పళ్ళ డాక్టరు దగ్గర గిటార్ మీద ధైర్యవచనం. లిఫ్టులో సాక్సఫోన్. మా అమ్మాయి నిధి పియానో నేర్చుకున్న మూడేళ్ళూ మా ఇంట్లోనే కాపురం! రిటైర్మెంట్ లేదు, పెన్షన్ లేదు.

లీల ఊరుకుంటుందా? దానికి తెలుగు మాటలు కట్టింది. రోజూ పడుకోబోయే ముందు మెట్ల మీద నిలబడి నా మీద ప్రయోగించేది.

"పాలు తోడేశారా, పొయ్యి ఆర్పేశారా, గరాజ్ లైటు తీశారా, వెనక తలుపు వేశారా?"

నాలుగోదానికి నేను ఏనాడూ అవుననలేదు. వెళ్ళి వేసి వచ్చేవాణ్ణి. లీల పోయి మూడేళ్ళయింది.

అందుకే నా ఇన్సూరెన్స్ కంపెనీ అంటే నాకు గౌరవం. ఏ సందేహమూ లేకపోయినా వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తాను. అదే బాణీ, ఫ్లూట్ మీద, నలభై ఏడు నిమిషాలు! మధ్యమధ్య ఒక గొంతు "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటుంది. ఈ వయసులో నాతో ఆ మాట అనేవాళ్ళు ఇంకెవరున్నారు?

ఇంతలో ఘోరం జరిగింది. "మీ సమయం విలువైనది. సోమవారం నుంచి హోల్డ్ ఉండదు, మేమే తిరిగి కాల్ చేస్తాం" అని ఈమెయిల్! నా సమయం విలువైనదని వాళ్ళకి ఎవరు చెప్పారండీ?

శుక్రవారం సాయంత్రం ఫిర్యాదు చేయడానికి ఫోన్ చేశాను. వారాంతానికి వచ్చిన నిధి సోఫాలో ల్యాప్‌టాప్‌తో కూర్చుని ఉంది.

"నాన్నా, మళ్ళీ హోల్డ్‌లో ఉన్నావా? స్పీకర్ ఆఫ్ చెయ్, ప్లీజ్."

చేయలేదు. పాలయ్యాయి, పొయ్యి అయింది, గరాజ్ లైటు అయింది. సరిగ్గా అక్కడ ఎవరో అమ్మాయి ఫోనెత్తేసింది! ఇంత సమర్థత నేను ఆ కంపెనీ నుంచి ఆశించలేదు.

"అమ్మా, ఒక్క లైను మిగిలిపోయింది. మళ్ళీ హోల్డ్‌లో పెడతారా?" అని ఇంగ్లీషులో బతిమాలాను.

"షూర్, సర్" అంది. ఎంత మంచి పిల్లో! బాణీ మళ్ళీ పాల దగ్గర్నుంచి మొదలైంది.

కంపెనీవారికి నా మనవి ఒక్కటే. దయచేసి తిరిగి కాల్ చేయకండి. మీరు చెప్పగలిగేది నాకేమీ అక్కర్లేదు. రాత్రిపూట తలుపు సంగతి అడిగే మనిషి లేదు, అంతే.

ఫ్లూట్ నాలుగో లైను అందుకుంది. నిధి ల్యాప్‌టాప్ మూసి లేచింది.

"వెయ్యలేదు కదా, నాన్నా?"

నేను జవాబు చెప్పేలోగా వంటింట్లోకి వెళ్ళి, వెనక తలుపు చప్పుడు కాకుండా వేసి గడియ పెట్టింది.