రంగసామి నాయుడుగారి వరికుచ్చు

ఈ వ్యవహారం మొదలైనప్పుడు నా చేతిలో ఉన్నవి: చెన్నై చింతాద్రిపేటలో ఒక బియ్యం షాపు, దాని గుమ్మానికి వేలాడే వరికుచ్చు, దాన్ని తినిపోయే పది పన్నెండు పిచ్చుకలు. కొత్త కంకులు రాగానే కుచ్చు కట్టి మేకుకు తగిలించడం మా తాత నాటి అలవాటు.

ఎదురిల్లు రంగసామి నాయుడుగారు పుట్టి పెరిగింది. పిచ్చుకల్ని కాపాడాలని ఎవరికీ తోచని రోజుల్లో ఆయనకు తోచింది. "ఆయన బాల్యగృహాన్ని ఆయన చూసింది చూసినట్టే ప్రపంచానికి అందిస్తాం" అని మంత్రిగారు ప్రకటించారు. నా షాపు కూల్చి కార్ పార్కింగ్ కడతామన్నదీ అదే ప్రకటనలో ఉంది. అంత పెద్దమనిషికి నా షాపు గుర్తుండటం మామూలు విషయం కాదు.

పనులు చురుగ్గా సాగాయి. పెంకుల సందుల్లోని గూళ్ళు గోడలు పాడుచేస్తున్నాయని తీయించారు. సందులకు సిమెంటు పూశారు. ఇంటి చుట్టూ నైలాన్ వల కట్టారు. ఆ ఇంటి పిచ్చుకలు కూడా నా కుచ్చు మీదికే వచ్చాయి.

ప్రారంభానికి ముందురోజు మంత్రిగారు వచ్చి అంతా చూసి, ప్రాజెక్ట్ ఆఫీసర్ భువనేశ్వరిని అడిగారు.

"బాగుందమ్మా. పిచ్చుక ఏడ?"

"వల కట్టేసినాం సార్. లోపలికి రాలేవు."

"రేపు ఫొటోలో ఒకటన్నా ఉండాల."

ఆమె పరుగున నా దగ్గరకు వచ్చింది.

"అన్నా, మీ కుచ్చు ఒక్కరోజు ఇయ్యండన్నా."

"ఇచ్చేదానికేం తల్లీ. పార్కింగ్ సంగతి?"

"కూవం ఏటి అవతలికి మార్చేస్తానన్నా."

"రాసియ్యి."

సంతకం, సీలు పడ్డాకే మేకు మీంచి కుచ్చు దించాను.

మరునాడు వలకు కిటికీ అంత కంత పెట్టి, లోపల కుచ్చు వేలాడదీశారు. రెండు పిచ్చుకలు వచ్చాయి. ఫొటో వచ్చింది. అవి ఎగిరిపోయాక కంత కుట్టేశారు.

వారం తర్వాత భువనేశ్వరిని కుచ్చు అడగబోతే అది అద్దాల పెట్టెలో ఉంది. పక్కన బోర్డు: 'రంగసామి నాయుడుగారు ఎనిమిదో ఏట స్వయంగా కట్టిన వరికుచ్చు. నూట పదేళ్ళ నాటిది.'

"ఇది పోయిన నెల నేను కట్టింది గదమ్మా!"

"మెల్లిగా అన్నా. కేటలాగ్ అచ్చయిపోయింది."

ఇంకో కుచ్చు కట్టి గుమ్మానికి తగిలించాను. మూడోనాడు నోటీసు వచ్చింది. స్మారక వస్తువుకు నకలు ప్రదర్శించడం నేరం, తీయకపోతే షాపుకు సీలు వేస్తారట.

తీశాను.

ఇక లెక్క. షాపు నిలిచింది. పార్కింగ్ కూవం దాటింది. నా కుచ్చుకు నూట పదేళ్ళ వయసు వచ్చింది. పిచ్చుకలు రెండు రోజులు వచ్చి చూసి పోయాయి. మేకు మిగిలింది.