మంచు వెళ్లిన దారి, అంకయ్య ట్రాక్టరు

ఆ పొద్దున నవత పెట్టుకున్న పని చాలా చిన్నది. గుండ్లవాగు ఊరి మెట్ట చెలకల్లో సగం పాతుకుపోయి ఉన్న బండరాళ్ల మీద ఎర్రరంగుతో బాణం గుర్తులు వేయాలి. తర్వాత మంచిర్యాల స్టేషనుకు పోయి, హైదరాబాదు నుంచి వచ్చే తన గైడు శ్రీహరి సారును జీపులో తీసుకురావాలి. ఆయన రాళ్లనూ, ఆమె గీసిన మ్యాపునూ చూసి సరేనంటే పిహెచ్‌డి గట్టెక్కుతుంది.

బాణాలు ఎందుకంటే, సారుకు మోకాళ్ల నొప్పి. ఏ ఊరు వెళ్లినా ఆయన జీపు దిగరు. భూగర్భశాస్త్రమంతా కిటికీలోంచే చూస్తారు. ఎండనకా వాననకా తిరిగి గీసిన మ్యాపును ఆ కిటికీలోంచి కాదన్నారంటే ఇంకో ఏడాది ఇదే ఎండ. అందుకే పొద్దుటి నుంచీ ఒక బాణం వేయడం, ఫోను చూసుకోవడం, మళ్లీ వెనక్కి పోయి ఆ బాణం సరిగ్గా ఉందా అని చూడటం, ఇదే పని.

రంగు అంకయ్య ఇచ్చాడు. ఆమె అద్దెకుంటున్న ఇల్లు ఆయనదే, రంగేమో ఆయన ట్రాక్టరుకు వేయగా మిగిలింది. అంకయ్య తల్లి బాలవ్వ మేకలను తోలుకుంటూ వచ్చి చూసింది.

"ఏంది బిడ్డా, రాళ్లకు గీ రంగులేంది?"

"ముప్పై కోట్ల ఏండ్ల కింద ఇక్కడంత మంచే ఉండె అవ్వా. ఊర్లకు ఊర్లు మునిగేటంత మందం. అది జరుక్కుంట జరుక్కుంట ఈ రాళ్లను మోసుకొచ్చింది. ఎటు జరిగిందో గీ బాణాలు చూపిస్తయి."

బాలవ్వ కొంగు నెత్తిన వేసుకుని సూర్యుడి వైపు చూసింది. మే నెల. "మంచా," అని మాత్రం అని, మేకలను తోలుకుని పోయింది. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఎంత నిజమైనా సరే, మంచు గురించి చెప్పకూడదు.

నవత మంచిర్యాల బస్సెక్కిన కాసేపటికే ఆ మంచూ బాణాల మాట హనుమండ్లు చాయ్ హోటలుకు చేరింది. హనుమండ్లు సొంత ఊరు ఎప్పుడో పైనుంచి నేలంతా తవ్వేసే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో కలిసిపోయింది. ఇల్లూ, చింతచెట్లూ, చివరికి తాత సమాధి కూడా పోయాక ఇక్కడికి వచ్చి హోటలు పెట్టుకున్నాడు. సర్వే అనే మాట వింటేనే ఆయన పొయ్యి మీది చాయ్‌ను వదిలేసి బయటికొస్తాడు.

"మా ఊర్ల గూడ మొదలు ఎర్రరంగే ఏసిండ్రు," అన్నాడు. "బొగ్గుకొచ్చినోళ్లు బొగ్గని చెప్తరా? మంచంటరు, నీళ్లంటరు. గా బాణం ఎటు చూస్తే గని అటే వస్తది."

"మరి మన హోటలు పక్కన రాయి ఎటు చూస్తుంది?" అని ఎవరో అడిగారు.

అందరూ లేచి వెళ్లి చూశారు. బాణం ఉత్తరానికి, సరిగ్గా ఊరి మీదికి చూస్తోంది. ఇక ఆలస్యం చేయలేదు. గడ్డపారలు తెచ్చి, రాయిని పెళ్లగించి, దక్షిణాన ఉన్న అంకయ్య చెలక దిక్కుకు తిప్పి పెట్టారు. ఒకరిని చూసి ఒకరు, ఎవరి పొలం దగ్గరి రాయిని వాళ్లు తిప్పారు. అన్నీ అంకయ్య చెలకకే చూపించాయి. రాళ్లు తప్ప ఏమీ పండని చెలక అదొక్కటే.

అంకయ్య కోపంతో ఊగిపోతాడని అందరూ భయపడ్డారు. అతనేమో మురిసిపోయాడు. ఆ చెలకలో పత్తి వేస్తే పత్తి, కంది వేస్తే కంది, ఏదేసినా ఎండిపోయింది. గల్ఫుకు పోయి అచ్చిరాక తిరిగొచ్చాడు. భూమి పోయినోళ్ల ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తారని విన్నప్పటి నుంచీ గని కోసం మొక్కని దేవుడు లేడు.

"రాళ్లు ఊరికే ఇటు చూస్తే ఎట్లనే అవ్వా," అన్నాడు తల్లితో. "వచ్చిన సారుకు అనుమానం ఉండొద్దు." ట్రాక్టరుకు గొలుసు కట్టి, హోటలు పక్కది తప్ప దొరికిన ప్రతి రాయినీ తన చెలకలోకి ఈడ్చుకొచ్చి వరసగా నిలబెట్టాడు.

రైలు ఆలస్యంగా వచ్చి ఈ పనికి కావలసినంత తీరిక ఇచ్చింది. జీపు గుండ్లవాగు చేరేసరికి పొద్దు వాలుతోంది. హోటలు పక్కన మొదటి రాయిని చూసి సారు కళ్లజోడు సవరించుకున్నారు.

"నవతా, మ్యాపుల మంచు ఉత్తరానికి పోతున్నది. ఈడ మల్ల వెనక్కొస్తున్నది. ఏమన్న మర్చిపోయిందా?"

నవత డ్రైవరును ముందుకు పోనిమ్మంది. రెండో రాయి ఉండాల్సిన చోట గుంత ఉంది. మూడో దాని దగ్గరా గుంతే. అంకయ్య చెలక దగ్గర మాత్రం రాళ్లన్నీ కవాతుకు వచ్చినట్టు నిలబడి ఉన్నాయి. వాటి ముందు అంకయ్య ఉతికిన చొక్కాతో, మజ్జిగ చెంబుతో నిలబడ్డాడు.

"కొలుసుకోండ్రి సార్. ఏం ఫికర్ లేదు, అన్నీ నా చెలకల్నే ఉన్నయి."

"అంకన్నా, గిదేం పని?" నవత జీపు దిగి రాళ్ల దగ్గరికి పరుగెత్తింది. "ఇది బొగ్గు సర్వే కాదు. నేను చెప్పింది నిజంగ మంచే. నా చదువంత గీ రాళ్ల మీదనే ఉండె."

అంకయ్య చేతిలో చెంబు ఒరిగి మజ్జిగ కారిపోతోంది. "మంచే నిజమా?" అన్నాడు నీరసంగా.

సారు జీపు తిప్పమని డ్రైవరుకు సైగ చేశారు. నవతకు ఏడుపు ఆగలేదు. అంత చదివి, చివరికి రాళ్లకు కాపలా పెట్టుకోవాలన్న తెలివి లేకపోయిందే అనుకుంది. అంతలో, తిరుగుతున్న జీపు వెనక చక్రం దబ్బున గుంతలో దిగబడింది. హనుమండ్లు, హోటలు జనం అంతా వచ్చి తోసినా కదల్లేదు. ఇక చేసేది లేక సారు మోకాలు పట్టుకుని, జీపును తిట్టుకుంటూ దిగారు. దిగిన మనిషి గుంతలోకి చూసి అక్కడే ఆగిపోయారు.

"నవతా, నీళ్ల సీసా తే."

రాయి పెళ్లగించిన చోట, మట్టి కింద నున్నటి రాతి పలక బయటపడింది. నీళ్లు పోయగానే దాని మీద సన్నటి గాడులు తేలాయి. మంచు రాళ్లను ఈడ్చుకుంటూ పోయినప్పుడు చెక్కిన గాడులు, అన్నీ ఒకే వరసలో ఉత్తరానికే. మిగతా గుంతల దగ్గరికి సారు నడిచే వెళ్లారు. ప్రతి గుంతలో అవే గాడులు, అదే దిక్కు.

"రాళ్లనైతే ఎవరైన తిప్పుతరు," అన్నారు. "దీన్నెవడు తిప్పుతడు? మ్యాపు సరే. పోయి థీసిస్ రాసుకో."

నవత అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. హనుమండ్లు నెమ్మదిగా ముందుకొచ్చి, "అయితే సార్, ఈడ గని రాదా?" అని అడిగాడు.

"గని సంగతి నాకు తెల్వదు గాని, బొగ్గు కోసమైతే మేం రాలే. గీ పలకను కాపాడాల్నని నేనే పైకి రాస్త."

హనుమండ్లు కళ్లు తుడుచుకుని అందరికీ చాయ్ తెస్తానని పరుగెత్తాడు. అంకయ్య మాత్రం వరసగా నిలబెట్టిన రాళ్లను ఒక్కొక్కటే చూసుకున్నాడు.

"మరి గివి?" అన్నాడు.

"యాడియి ఆడ వెట్టాలె," అన్నారు సారు.

మంచు వేల ఏళ్లు నెట్టుకొచ్చిన రాళ్లను అంకయ్య తెల్లారి ఒక్క పూటలో ఎక్కడివక్కడ చేర్చాడు, అదీ సొంత డీజిలుతో.