మూడోసారి అడిగితేనే

"అంత పెద్ద మాల్‌కి పులిహోర డబ్బా ఏమిటే? పరువు పోతుంది," అన్నాడు విశ్వేశ్వరరావు.

"ఆకలేస్తే మీ పరువు తినమంటారా?" అంది దమయంతి.

పొద్దున్న తొమ్మిదింటికి మొదలైన ఈ తగాదా, డబ్బా వంటింటి గట్టు మీదే ఉండిపోవడంతో ముగిసింది. ఆ వంటిల్లు కెనడాలోని ఓక్‌విల్‌లో ఉంటున్న దమయంతి తోడికోడలు రూపది. విజయవాడ నుంచి నెల రోజులకని వచ్చిన దంపతులను ఆవిడ ఆ రోజు బయట భోజనానికి తీసుకెళ్తోంది.

మాల్‌లో అడుగుపెట్టగానే దమయంతి కోపం మరిచిపోయింది. అద్దాల కప్పులోంచి మెత్తటి ఎండ పడుతోంది. పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లోలా అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆవిడ ఇంకా పదడుగుల దూరంలో ఉండగానే ఒక పెద్దమనిషి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పాపం, ఎంతసేపు పట్టుకుంటాడని ఆవిడే పరుగెత్తింది. గాజు తలుపు మీద వేలిముద్ర కోసం వంగి మరీ వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

రెస్టారెంట్‌లో ఒక్కో వంటకం బల్ల దగ్గరికే తెచ్చి వడ్డిస్తారట. వడ్డించే అమ్మాయి వీళ్ల మాటలు విని నవ్వింది.

"తెలుగువాళ్లా ఆంటీ? నా పేరు నిఖిల. మాది ఖమ్మం. ఇక్కడే గ్వెల్ఫ్ యూనివర్సిటీలో చదువుతున్నా. ఈ హోటల్లో ఈరోజే ట్రయల్ షిఫ్ట్, పని నచ్చితేనే జాబ్ ఇస్తారు."

దమయంతికి ప్రాణం లేచొచ్చింది. మన పిల్ల, కొసరి కొసరి పెడుతుంది!

"బ్రెడ్ వేయనా ఆంటీ?"

"వద్దమ్మా," అంది దమయంతి మర్యాదగా. బుట్ట వెళ్లిపోయింది. వేడి సూప్ వచ్చింది. "అబ్బే, చాలు," అంది, ఏమీ తినకుండానే. సూప్ కూడా వెళ్లిపోయింది. పుట్టగొడుగుల అన్నం ఘుమఘుమలాడుతూ వచ్చేసరికి, అలవాటుగా ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టింది. అన్నం వెనుదిరిగింది. విశ్వేశ్వరరావేమో తలెత్తకుండా తింటున్నాడు. అక్కకు ఈ తిండి నచ్చలేదనుకుని రూప ఊరుకుంది.

ఖాళీ ప్లేటు చూసి మేనేజర్ వచ్చాడు. ఏమైనా లోపమా అని అడిగాడు. "నో, నో! వెరీ నైస్!" అంది దమయంతి. ఆయన నిఖిలను ఒక చూపు చూసి వెళ్లాడు. కాసేపటికి పొడుగు టోపీతో వంటాయనే వచ్చాడు. ఆయనకూ అదే జవాబు. ఆయనా నిఖిలనే చూశాడు.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆంటీ, నేను సరిగా వడ్డించలేదనుకుంటున్నారు వీళ్లు. ఈ జాబ్ పోతే మళ్లీ ఎన్నిచోట్ల అప్లై చేయాలో!"

"నువ్వు రెండోసారి అడగలేదు కదే!"

"అడగొద్దన్నారు ఆంటీ. ఇక్కడ వద్దంటే వద్దనే."

దమయంతి ఖాళీ ప్లేటు ముందుకు జరిపింది. "తీసుకెళ్లినవన్నీ పట్రా."

బ్రెడ్ రెండుసార్లు, సూప్ రెండుసార్లు, అన్నం మూడుసార్లు. పులిహోర మళ్లీ గుర్తు రాలేదు. సోమవారం నుంచి పనిలోకి రమ్మని మేనేజర్ నిఖిలతో అక్కడే చెప్పాడు.

దమయంతి మూతి తుడుచుకుని అందరికీ వినిపించేలా ప్రకటించింది. "ఎంత హాయైన పద్ధతి! ఇకమీదట నన్నెవరు ఏదడిగినా మొదటిసారే సరేనంటాను."

"అయితే ఇంకో రెండు నెలలు మా ఇంట్లోనే ఉండిపోండక్కా!" అంది రూప, మర్యాదగా.

"సరే," అంది దమయంతి.

రూప ఆ రోజు డెజర్ట్ వద్దంది. నిఖిల రెండోసారి అడగలేదు.