బంపరుకు తప్ప ఎవరికీ గాయాలు లేవు

వనపర్తిలోని మా ఇంటి వరండాలో గత ఆదివారం ఉదయం జరిగిన అభినందన సభకు హాజరైనవారు, కూర్చున్న వరుసలో: పడక కుర్చీలో, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడనైన నేను, నా కుడిపక్క, విశ్రాంత ఉద్యోగుల సంఘం కార్యదర్శి కురుమూర్తిగారు, ఎడమపక్క, నా ధర్మపత్ని సౌందర్య, ఆ తరువాత రెండు ఖాళీ కుర్చీలు; ఇక వరండా మెట్ల కింద, నిలబడి, ఇరవై రెండేళ్లుగా మా వాకిలి ఊడుస్తున్న తిరుపతమ్మ. సన్మానం ఆమెకే.

అందుకు దారితీసిన పరిస్థితులను సవినయంగా నివేదిస్తున్నాను.

రెండు నెలల క్రితం నాగర్‌కర్నూలులో సంఘ సమావేశం ముగించుకొని కారు నడుపుకుంటూ వస్తున్నాను. బిజినేపల్లి దగ్గర గొర్రెల మంద అడ్డం రాగా ముందున్న ట్రాక్టరు ఆగింది. నా కారు దాని ట్రాలీని మర్యాదగా తాకింది. నా నుదురు స్టీరింగును అంతే మర్యాదగా తాకింది. ట్రాక్టరు నడుపుతున్న హన్మంతు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"సారూ, నెత్తికి గిట్ట తాకిందా? జర దవాఖానల చూపిచ్చుకోరి."

"నా తల సంగతి నాకు తెలుసు. నువ్వు ముందు బంపరు చూడవయ్యా!" అని మందలించాను.

చుట్టూ చేరిన పదకొండు మందీ వంగి బంపరే చూశారు. అక్కడికక్కడే పంచనామా రాశాను: ‘ప్రాణనష్టం శూన్యం. వ్యక్తులకు గాయాలు లేవు. బంపరుకు తీవ్ర గాయం.’ ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాను. నా తల ఆరోగ్యంగా ఉన్నదని నా అక్షరాలతోనే ధ్రువీకరించిన మీదట, దానికి నొప్పెట్టే అధికారం లేదని భావించాను.

బంపరుకు జరగవలసిన వైద్యమంతా జరిగింది. వనపర్తి మెకానిక్కు చూపించాను. రెండో అభిప్రాయం కోసం గద్వాలకు తీసుకుపోయాను. అక్కడది నాలుగు రోజులు ఉన్నది. నేను రోజూ ఫోను చేసి దాని క్షేమం కనుక్కున్నాను. బంధువులు సైతం దాన్ని పరామర్శించారు. తలకు మాత్రం నొప్పుల మందు రాసుకున్నాను.

మూడో వారానికి తెల్లవారితే తలనొప్పి, ఎడమ కాలికి చెప్పు నిలవకపోవడం, మనుషుల పేర్లు మరచిపోవడం మొదలైంది. "ఆయనకు ఎప్పుడు ఎవ్వరి పేరు యాదికున్నది గనుక!" అన్నది సౌందర్య. తరువాతి సంఘ సమావేశంలో నేను నా ఉపన్యాసంలోని ఒకే పుటను మూడుసార్లు చదివాను. సభ్యులు మూడుసార్లూ చప్పట్లు కొట్టారు. కురుమూర్తిగారు లేచి, "ఒకే సత్యాన్ని మూడు కోణాల నుండి ఆవిష్కరించిన పెద్దలకు సభ ఋణపడి ఉంటుంది" అన్నారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను సంపాదించుకున్న కీర్తి అటువంటిది. నా మెదడు చెడిన స్థితిని బాగున్ననాటి స్థితి నుండి వేరుచేసి పోల్చుకోగలవారు లేకపోయారు.

ఒక ఉదయం తిరుపతమ్మ వాకిలి ఊడుస్తున్నది. నేను వరండాలో నుండి, "తిరుపతమ్మగారూ, అలసిపోయారు. వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. టీ తాగుదాం" అన్నాను.

చీపురు కింద పడింది.

"సౌందర్యమ్మా! ఓ అమ్మా! జల్ది రా! సారు నెత్తి కరాబైంది!"

"ఏమైందే?"

"నన్ను కుర్సీల కూసోమంటుండు!"

"ఉట్టిగన్నడేమో, తియ్యి."

"ఇర్వై రెండేండ్ల సంది వస్తున్న, ఒక్కనాడన్న గీ మెట్టు మీద కూసోమన్నడా? ఇయ్యాల గారు అన్నడు, అండి అన్నడు. నాకు భయమైతుంది. కారు తియ్యమనమ్మా!"

సౌందర్య నావైపు చూసింది. నేను చిరునవ్వుతో కుర్చీని ఇంకొంచెం ముందుకు జరిపాను. ఆమెకు సందేహం తీరిపోయింది. మూడు వారాల తలనొప్పి కదిలించలేని కారును ఒక్క కుర్చీ కదిలించింది. కబురందుకొని వచ్చిన కురుమూర్తిగారు నడిపారు. వెనక సీటులో తిరుపతమ్మ నా తలను ఒళ్లో పెట్టుకున్నది. దారిలో ఆమెను మరి రెండుసార్లు ‘గారు’ అన్నాను. రెండుసార్లూ ఆమె బిగ్గరగా ఏడ్చింది.

నాటి దెబ్బకు పుర్రె లోపల, మెదడు మీద, రక్తం బొట్టు బొట్టుగా చేరుతున్నదని డాక్టరు స్కానింగు చూసి చెప్పాడు. "పెద్ద వయసులో చిన్న తాకుడు చాలు. పైకి గీత కూడా పడదు. రేపటిదాకా ఆగితే మనిషి దక్కేవాడు కాదు" అన్నాడు. మార్పును మొదట గమనించిందెవరని అడిగితే తిరుపతమ్మ కుర్చీ సంగతి విన్నవించింది. డాక్టరు ఏమాత్రం నవ్వకుండా రాసుకున్నాడు: ‘ప్రవర్తనలో అసాధారణమైన మార్పు.’

ఆపరేషను జరిగింది. స్పృహ వచ్చి చూస్తే మంచం పక్కన స్టూలు మీద తిరుపతమ్మ కూర్చుని ఉన్నది.

"ఏమిటది? లేచి అవతల నిలబడు" అన్నాను.

సౌందర్య దేవుడికి దండం పెట్టుకున్నది. కురుమూర్తిగారు వార్డంతటా మిఠాయిలు పంచారు. తిరుపతమ్మ లేచి నిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మా సారు మాకు దక్కిండు" అన్నది.

ఇక సభ విషయం. శాలువా మెట్ల మీదుగా కిందికి అందించబడింది. అప్పుడు నా దృష్టి ఆ రెండు ఖాళీ కుర్చీల మీద పడింది. ఈసారి పూర్తి స్పృహతో, సొంత నిర్ణయంతో, "తిరుపతమ్మా, పైకొచ్చి కూర్చో..." అన్నాను. కురుమూర్తిగారు కారు తాళాలు అందుకున్నారు. సౌందర్య నా నుదురు పట్టి చూసింది.

తిరుపతమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "వద్దు సారూ, మీకు దండం పెడత. మల్ల దవాఖాన పాలైతరు" అన్నది.

నేను మాట ఉపసంహరించుకున్నాను.

కావున, శ్రీమతి తిరుపతమ్మ సకాలంలో గుర్తించినందువల్లనే ఈ క్రింద సంతకం చేసినవాని ప్రాణం నిలిచిందని ఈ సభ కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేస్తున్నది. ఆమె ఈ అభినందనను నిలబడే స్వీకరించినదనీ, రెండు కుర్చీలూ చివరిదాకా ఖాళీగానే ఉన్నవనీ, నా ఆరోగ్యం సంపూర్ణంగా కుదుటపడినదనీ ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.