వీరరాఘవయ్య చంపిన మృగం

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు, గిద్దలూరు దగ్గర నల్లమల అంచునున్న ఒక ఊళ్లో, వీరరాఘవయ్య తెల్లవారగానే గోడకు మేకు కొట్టడం మొదలుపెట్టాడు. వియ్యంకుడు మాలకొండయ్య తన కూతుర్ని పురిటికి తీసుకుపోవడానికి దొనకొండ నుంచి పొద్దుటి రైలుకు వస్తున్నాడు. ఆయన వస్తున్నాడంటేనే వీరరాఘవయ్యకు కాలు ఒకచోట నిలవదు. ఎప్పుడో చేనికాపలాలో అడవిపంది ఎదురైతే తను మంచె ఎక్కి తెల్లవార్లూ కేకలు పెట్టిన ముచ్చట మాలకొండయ్య చెవిన పడింది. అప్పటినుంచి పెళ్లిలోగానీ తద్దినంలోగానీ నలుగురు కూడితే చాలు, ఆ మహానుభావుడు పంది కథ ఎత్తుకుంటాడు.

ఈసారి ఆయన నోరు మూయించి తీరాలి. అందుకే, కొత్తపట్నంలో సముద్రస్నానానికి పోయినప్పుడు వలలేసే పల్లెకారుల దగ్గర కొనుక్కొచ్చిన వస్తువును పెట్టెలోంచి తీశాడు. ఛాతీ ఎత్తు ఎముక, రెండు అంచులకూ బారులు తీరిన కోరలు. అచ్చం రంపమే.

"ఏందయ్యా అది?" అంది భార్య వెంకటసుబ్బులమ్మ.

"చేప ముక్కులే. నువ్వు మాత్రం నోరు మెదపబాక."

మాలకొండయ్య వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, "ఏం బావా, పంది మళ్లా కనపడిందా?" అంటూ గోడవైపు చూసి ఆగిపోయాడు. "అదేంది?"

"మొన్న అడవిలో ఎదురుపడింది. గొడ్డలితో ఒక్కటేసినా. దాని కొమ్ము."

వియ్యంకుడు పందిని మరిచి, దగ్గరికెళ్లి ఒక్కో కోరనూ వేలితో తడిమి చూశాడు. ఆ మధ్యాహ్నం వీరరాఘవయ్య రెండుసార్లు మారు వడ్డించుకుని కడుపారా తిన్నాడు.

ప్రయాణానికి మంచిరోజు ఇంకా దూరముంది. మాలకొండయ్య ఊరికే కూర్చునే మనిషి కాదు. రోజూ గిద్దలూరు బజారుకు పోయి "మా బావ" అని మొదలుపెట్టేవాడు. మొదట ఎద్దంత ఉన్న మృగం బజారు చివరికి పోయేసరికి ఏనుగంత అయింది. గొర్రెలవాళ్లు మందల్ని అడవికి తోలడం మానేశారు. కట్టెలకు పోయే ఆడవాళ్లు గడప దాటలేదు, పొయ్యిలు వెలగలేదు. ఒకదాన్ని చంపాడు సరే, దాని జత ఊరుకుంటుందా? ఊరు ఊరంతా వచ్చి వీరరాఘవయ్య వాకిట్లో బైఠాయించింది.

"నువ్వే మాకు దిక్కు నాయనా. ఆ రెండోదాన్ని గూడా ఏసెయ్" అంది గొర్రెలు కాసే యల్లమ్మ.

వీరరాఘవయ్యకు కూర్చుంటే లేవాలని, లేస్తే పడుకోవాలని అనిపించసాగింది. "నడుం పట్టేసింది" అన్నాడు. వద్దంటున్నా వినకుండా ఇద్దరు బోర్లా పడుకోబెట్టి నూనె పెట్టి మర్దన చేశారు. నడుం బాగైపోయింది! ఇంకొకాయన నాటుతుపాకి తెచ్చి తలగడ పక్కన పెట్టాడు.

అంతలో వాకిట్లో జీపు ఆగింది. అడవిశాఖ రేంజరు హనుమంతరావు దిగాడు.

"లైసెన్సు లేకుండా అడవిలో వేటాడింది ఎవరయ్యా? కేసు రాస్తే జైలుకే పోతావు."

వీరరాఘవయ్య లోలోపల లెక్కలేసుకున్నాడు. మృగమంటే జైలు. చేపంటే, ఎదురుగా వియ్యంకుడు! బతికున్నన్నాళ్లూ ఆ నోటికి పంది చాలక చేప కూడా దొరుకుతుంది. అయినా జైలు జైలే కదా.

"అయ్యా, అది చేప" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. "నీళ్లలో బతికే చేపకు రంపమెందుకు బావా? కట్టెలు కోసుకునేదానికా?" అన్నాడు మాలకొండయ్య.

రేంజరు బందరు మనిషి. గోడవైపు చూడగానే నవ్వేశాడు. "నిజమే చెప్పాడు. ఇది రంపపు చేప. ఒడ్డు దగ్గర, లోతులేని నీళ్లలో తిరుగుతుంది. చూడ్డానికి సొరచేప, జాతికి పళ్లెంలా పరుచుకుండే టేకుచేప. మా తాతల నాడు వలలో తరచూ పడేదట, ఇప్పుడు కళ్లబడటమే అపురూపం. పాపం, ఎవరు కోశారో!" కేసు లేదని చెప్పి బయటికి నడిచాడు. డ్రైవరు జీపుకు నీళ్లు పోస్తున్నాడు.

వీరరాఘవయ్య ప్రాణం కుదుటపడింది. ఇక వెక్కిరింతే కదా అని తలవంచుకు నిలబడ్డాడు. తీరా చూస్తే మాలకొండయ్య ముఖం పాలిపోయి ఉంది.

"చేపా గీపా అన్నావంటే నేను తలెత్తుకోలేను బావా!" అన్నాడాయన చెవిలో. "గిద్దలూరులో నీ వియ్యంకుణ్ణని నాకు కుర్చీ ఏసి కూర్చోబెట్టినారు." ఆ వెంటనే జనంవైపు తిరిగి గొంతు పెంచాడు. "చూసినారా? మా బావను కాపాడేదానికి ఆ రేంజరు గూడా చేపన్నాడు. ఎంత మంచోడో!"

అవునవునన్నారు అందరూ. ముక్కుకు కోరలుండే చేపను నమ్మడం కన్నా, జాలిపడే రేంజరును నమ్మడమే వాళ్లకు తేలికైంది. వీరరాఘవయ్య మెడలో దండ పడింది, చేతిలోకి తుపాకి వచ్చింది, డప్పు మోగింది. యల్లమ్మ అడవిదారికి ఎదురొచ్చి మంచి శకునమైంది.

తుపాకి అక్కడే పడేసి వీరరాఘవయ్య జీపు దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, ఆపండి! పోయినేడు జింకను చంపినా! నెమళ్లను చంపినా! నన్ను తీసకపోయి జైల్లో ఏసేయండి!"

రేంజరు తల బయటికి పెట్టి, వణుకుతున్న ఆ కాళ్లను, మెడలో దండను ఎగాదిగా చూశాడు.

ఈ మాట మాత్రం ఆయన నమ్మలేదు.